మామ్మ నాకు వీసా ఇవ్వలేదు

సోమవారం నాకు జర్మనీ స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూ. ఓడల డిజైన్‌లో ఎమ్మెస్ సీటొచ్చింది. ఈ రోజు పొద్దున అద్దం ముందు నిలబడి జవాబులు వల్లిస్తుంటే, "అద్దమేటి అడుగుతాది? నానడుగుతాను, కూకో" అంటూ మా మామ్మ కుర్చీ లాక్కుని ఆఫీసరైపోయింది.

మొదటి ప్రశ్న వేసింది.

"ఓడలు మన ఊరి గార్డెన్ రీచ్ షిప్‌యార్డులో కట్టట్లేదేటి? మీ తాత జల్మంతా ఆటికే రంగులేసినాడు. అంత దూరమెందుకు?"

"అక్కడ కొత్త రకం ఇంజన్ల గురించి నేర్పుతారు మామ్మా."

"మామ్మేటి? మేడమ్ అను. సదువైపోతే తిరిగొస్తావా?"

"తప్పకుండా వస్తాను మేడమ్."

"అబద్దం. మొన్న న్యూ టౌన్‌లో నీ ఫ్రెండింటికి ఒక్క పూటని ఎల్లి వారం ఉండిపోనావు. వీసా నేదు, పో."

వంటింట్లోంచి అమ్మ సిఫారసు చేసినా మామ్మ కరగలేదు. మధ్యాహ్నం మళ్ళీ బతిమాలబోతే, "ఆఫీస్ బంధ్. కాల్ ఆష్బేన్" అని ఇక్కడి ఆఫీసుల్లో చెప్పినట్టే బెంగాలీలో రేపు రమ్మని చెప్పి, అటు తిరిగి పడుకుంది.

అసలు ఆఫీసరు ఇంత కఠినంగా ఉండడని ధైర్యమైతే వచ్చింది. కానీ తిరిగొస్తానని ఎదుటివాళ్ళు నమ్మేలా ఎలా చెప్పాలో, వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళెవరైనా ఉంటే కాస్త చెప్పండి. ఆఫీసరుకి కాదు, మామ్మకి.