బొటనవేలి గోరు

రికార్డు రూము గుమాస్తా కుడి బొటనవేలి గోరు ఒక్కటే పెంచుతాడు. స్కౌటు పిల్లలు నడుముకు వేలాడదీసుకునే మడతకత్తులంటే ఆయనకు పిచ్చి. ఇప్పటికి ముప్పై ఒకటి పోగేసి బీరువాలో దాచాడు. కోసేది, డబ్బా మూత తీసేది, స్క్రూ తిప్పేది, తోలుకు బెజ్జం పెట్టేది, నాలుగు బ్లేడ్లనీ ఆ గోటితోనే లాగి వెలుతురుకు ఎత్తి చూస్తాడు. బ్లేడుకీ పిడికీ మధ్య వెంట్రుకవాసి సందు కనిపించినా మొహం మాడ్చుకుంటాడు. ఏ ఒక్కటీ ఆయనకు నచ్చి చావదు.

ఆరేళ్లుగా వెతుకుతున్న కొమ్ముపిడి కత్తి నిన్న పార్సిల్లో వచ్చింది. మొదటి బ్లేడు లాగగానే గోరు పుటుక్కున విరిగింది. ఎడమచేత్తో లాగితే జారిపోయింది. "చెంచా అంచుతో తియ్యండి," అంది భార్య. "గీతలు పడవూ? నీకేం తెలుసు!" అని కస్సుమన్నాడు. గోరు మళ్లీ ఎప్పటికి పెరుగుతుందో క్యాలెండరు ముందు నిలబడి లెక్కపెడుతుంటే వెనక టక్కుమంది. ఆవిడ తన గోటితో బ్లేడు తీసి ఆపిల్ కోస్తోంది.

"అయ్యో, తడి! తుప్పు పడుతుందే!" అని లబలబలాడాడు.

ఆవిడ ఒక ముక్క ఆయన చేతిలో పెట్టింది. "భలే తెగుతోందండీ. మిగతావీ ఇలాగే తెగుతాయా?"

ఆయన బీరువా వైపు చూశాడు. ఇన్నేళ్లలో వాటిలో ఒక్కదానితోనూ ఏదీ కోసిన పాపాన పోలేదు.