ఇబ్రిలో రోమన్ కమాను

శుక్రవారం ఉదయం ఏడున్నరకు మస్కట్‌లో, ఒమాన్ లోపలి ఊరైన ఇబ్రికి బస్సెక్కాను. టికెట్ నాలుగు రియాళ్లు. మాది జగిత్యాల వైపు. నాన్నకు మస్కట్‌లోనే బౌషర్ అనే పేటలో టైలర్ షాపు. నేను ఇక్కడే కాలేజీలో పాశ్చాత్య నాగరికత, వలసల చరిత్ర చదువుతున్నాను. వలస వచ్చిన ఒకరి జీవితం వాళ్ల నోటితోనే చెప్పించి ఆదివారానికి రాసివ్వాలి. ఇబ్రిలో మేస్త్రీగా ఉన్న మేనమామను ఎంచుకున్నాను. ఫోన్లో అడిగితే "నాదేం చరిత్ర?" అని నవ్వేశాడు. ఎదురుగా కూర్చుంటే కాదనలేడని నా ధీమా.

పక్క సీట్లో గోదావరి జిల్లా ఆవిడ. బౌషర్‌లో ఒకరింట్లో పని, సెలవు రోజని అక్కను చూడబోతోంది.

"ఇబ్రిలో చూడ్డానికేం ఉందమ్మా, ఖర్జూరం తోటలు తప్ప!" అంది.

పదకొండున్నరకు దిగాను. మామ రూమ్‌లో బగారన్నం, కోడికూర సిద్ధంగా ఉన్నాయి. ఇబ్రి వచ్చేవాళ్లు హోటల్ బదులు ఇలాంటి మామను వెతుక్కోవడం మేలు. తిన్నాక ఫోన్లో రికార్డింగ్ పెట్టాను.

"మస్కట్ ఎప్పుడొచ్చినవ్ మామా?" మావాళ్లకు ఒమాన్ అంతా మస్కటే.

"నువ్వు పుట్టిన యేడు. పని చేసుడు, పండుడు. గింతే కోడలా, బంద్ జెయ్."

నా పని అయిపోయిందనుకున్నాను. దిక్కుతోచక పాఠ్యపుస్తకం తెరిచాను. రోమన్ల పాఠంలో రాతి కమాను బొమ్మ ఉంది. మామ పుస్తకం లాక్కున్నాడు.

"సెంట్రింగ్ ఏది? కింద కట్టెలు లేకుంటే రాళ్లు గాలిల నిలవడ్తయా? రెండు దిక్కులకెళ్లి కట్టుకుంట రావాలె, నడిమి రాయి ఆఖర్ల పెట్టాలె. అది కూసున్నదంటే ఇగ కట్టెలు గుంజేసినా ఏం గాదు."

మా లెక్చరర్ గంటసేపు చెప్పినా నా బుర్రకెక్కని సంగతి ఇది!

"నీకెట్ల తెలుసు మామా?"

"కట్టిన గద! ఈడ తోట గేటుకు. కట్టెలు గుంజిననాడు బుక్కెడన్నం తినలె, దాని కిందనే నిలవడ్డ."

ఇక ఆగలేదు. బావులకు రాయి కట్టిన మా తాత, మొదటి వీసా, మొదటి ఎండాకాలం, అన్నీ వచ్చాయి. రెండు గంటలు రికార్డయింది.

నాలుగింటి బస్సెక్కిస్తూ అడిగాడు: "నా పేరు రాస్తవా?"

"రాస్త మామా."

"మేస్త్రీ అని గూడ రాయి. పని కార్డు మీద లేబర్ అనే ఉన్నది."

తిరుగు బస్సులోనూ ఆ గోదావరి ఆవిడే. ఊరు దాటుతుండగా మామ చెప్పిన గుర్తుల ప్రకారం తోట గేటు, దాని మీద రాతి కమాను కనిపించాయి.

"అదుగో, చూడ్డానికేం ఉందని మీరడిగారుగా," అన్నాను.

"ఎంత బావుందో! ఎవరు కట్టారమ్మా?"

"మా మామ. మేస్త్రీ." గర్వంతో నా గొంతు బస్సంతా వినిపించి ఉంటుంది.

ఆవిడ మెడ తిప్పి, కమాను కనుమరుగయ్యేదాకా చూసింది. "ఈసారి వచ్చేటప్పుడు ఇది కనిపించే వైపు కిటికీ పక్కనే కూర్చుంటానమ్మా," అంది.