బావ తెచ్చిన నలభై జీబీల సినిమా

మా బావకు బరువుంటేనే సరుకు. గుంటూరు మిర్చి యార్డులో అరిగిన బుర్ర కదా, సినిమా ఫైలుకు కూడా తూకం వేస్తాడు. నలభై జీబీ ఉంటే మేలురకమట, ఒక జీబీ ఉంటే పనికిరాని తాలుకాయలట. చదువుకున్నవాణ్ణి, నేనూ ఆ మాటే నమ్మాను. సిగ్గుచేటు.

నాన్నకు షుగరుతో చూపు పోయింది, సినిమా పిచ్చి పోలేదు. అక్క పక్కన కూర్చుని ఎవరు ఎటు తిరిగారో చెబుతుంటే ఆయనకు ఒళ్లు మంట. ఒక్క సినిమా, ఎవరి సాయమూ లేకుండా, మొదటినుంచి చివరిదాకా తనంతట తాను వినాలని ఆయన కోరిక.

ఆదివారం బావ పెన్‌డ్రైవ్ పట్టుకుని పెళ్లికొడుకులా దిగాడు. ఫోర్‌కే అట, ఐదు భాషలట. టీవీకి తగిలించి, "చూడండి మావయ్యా, హీరో మీసం వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు," అన్నాడు. చూపులేని మనిషితో అనే మాటేనా అది? బావనొక్కణ్ణీ అని లాభం లేదు. నేనూ ఆ మీసమే చూస్తున్నాను మరి.

సినిమా తమిళంలో మొదలైంది. రిమోటుతో భాష మార్చుకోవచ్చని మా నిపుణుడికి తెలియదు, టీవీ పాడైందని తేల్చాడు. నేనే మార్చాను. తెలుగు వచ్చింది గానీ, ఏ హాల్లోనో ఫోనుతో పట్టిన తెలుగు. ఈలలు, దగ్గులు, ఎవరి పిల్లాడిదో ఏడుపు. మాటలు నూతిలోంచి వస్తున్నాయి. బావ సౌండు పెంచాడు. దగ్గులు పెరిగాయి.

నాన్నా ఒకప్పుడు ఆ మిర్చి యార్డులోనే పనిచేశారు. ఉన్నన్నాళ్లూ బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగు కాయ చూడందే ధర చెప్పేవారు కాదు.

"పైకాయ చూసి మురిసిపోయారట్రా ఇద్దరూ?" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. అదే సినిమా స్నేహితుడొకడు వారం కిందటే నా ఫోనుకు పంపాడు. ఒక జీబీ కూడా లేదని తెరిచి చూడనేలేదు. ఇప్పుడు దాన్నే టీవీలో పెట్టాను. బొమ్మ అలుక్కుపోయినట్టుంది. ఉన్నది తెలుగొక్కటే, కానీ ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తోంది. బొమ్మ బాగాలేదని బావ కాసేపటికే గురక పెట్టాడు. నాన్న రెండున్నర గంటలు కుర్చీలోంచి లేవలేదు. అక్కను నోరెత్తనివ్వలేదు. నవ్వాల్సిన ప్రతిచోటా నవ్వారు.

అయిపోయాక, "బొమ్మ ఎట్టా ఉందిరా?" అని అడిగారు.

"అంతా మసక నాన్నా. మొహాలు కూడా తెలియలేదు."

"అయితే ఇవాళ ఇద్దరం ఒకే సినిమా చూశాంలే," అన్నారు.