గాలిమోటరు నూనె

ఇంతకాలం ఇది రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు రాయడం రాకపోవడం. నా చిన్నతనంలో మా ఇళ్లలో ఆడపిల్ల చేతికి పలక ఇచ్చినవాళ్లు లేరు. తల ముగ్గుబుట్టయ్యాక మా కోడలు వంట ముగించుకుని, రోజూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించింది. ఇప్పటికీ ళ రాసేటప్పుడు రెండుసార్లు దిద్దుకుంటాను. అయినా రాస్తున్నాను. ఎందుకంటే మొన్న మా పెద్దబ్బాయి బండి మీద పోతూ పెట్రోలు బంకు దగ్గర బోర్డు చదివాను. రెండు రకాల పెట్రోలు, రెండు ధరలు. "ఏది పొయ్యించమంటవే అమ్మా?" అని వాడు నవ్వులాటకు అడిగాడు. నాకు నవ్వు రాలేదు. ఇంటికి వచ్చేదాకా ఒక పాత సంగతే తలుచుకుంటూ కూర్చున్నాను.

పోలీసు యాక్షను అయిపోయిన తర్వాతి ఎండాకాలం అది. మేము సూర్యాపేటలో ఉండేవాళ్లం. మాది మగ్గం కులం. మా ఆయన మాత్రం మగ్గం వదిలి ఇంజన్ల పని పట్టాడు. బావుల మీద నీళ్లు తోడే ఇంజన్లు ఎక్కడ ఆగిపోయినా ఆయన కోసమే వచ్చేవాళ్లు. ఊరూరా తిరగడానికి ఎప్పుడో మిలిటరీ వాళ్లు వదిలించుకున్న పాత మోటారు సైకిలు ఒకటి సంపాదించాడు. మేము దాన్ని ఫట్‌ఫటి అనేవాళ్లం.

ఒకనాటి సాయంత్రం గాజులమ్మే ఆయన వాకిట్లో మలారం దించుతూనే, "మీ చెల్లె సంసారం సోలాపురం పోతుందట గదమ్మా. రేపు పగటీలి బస్సుకే," అన్నాడు.

నా చెల్లె మిర్యాలగూడలో ఉండేది. నూలు దొరకక వాళ్ల మగ్గం మూలకు పడిందని తెలుసు గానీ, ఊరు విడిచేదాకా వచ్చిందని తెలియదు. మా అమ్మ పోతూ పోతూ దాన్ని నా చంకలో పెట్టి పోయింది. పెంచింది నేనే. ఇప్పుడది సోలాపురం పోతే మళ్లీ ఎప్పుడు చూస్తానో. ఉత్తరం రాయడం నాకు రాదు, చదవడం దానికి రాదు. ఎక్కడ ఉంటుందో జాగా అన్నా తెలుసుకుంటే ఎవరితోనైనా రాయించవచ్చు. అది కూడా తెలియకపోతే, బతికి ఉండగానే ఒకరికొకరం లేనట్టే.

ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు. పక్క మీద అటూ ఇటూ పొర్లుతూనే ఉన్నాను.

సూర్యాపేట నుంచి బస్సులు మారి పోతే ఆ మధ్యాహ్నం బస్సు వెళ్లిపోయాక గానీ చేరం. ఫట్‌ఫటి ఉంది గానీ టాంకీలో అడుగున కాస్త పెట్రోలే ఉంది. పర్మిట్ లేనిదే సూర్యాపేటలో చుక్క దొరకదు. కోదాడలో ఒక దుకాణదారు చాటుగా అమ్ముతాడని మా ఆయనకు తెలుసు. కోదాడ పోయి పోయించుకుని, అటు నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ పోదామన్నాడు. ఉన్న పెట్రోలులో ఇంత గ్యాస్‌నూనె, అదే దీపాలకు పోసే కిరసనాయిలు, కలిపి తెల్లవారకముందే బయలుదేరదీశాడు.

గ్యాస్‌నూనె కలిపితే ఫట్‌ఫటికి పడదు. కొంచెం ఎత్తు ఎక్కినా లోపల ఎవరో గోలీలు గలగలాడిస్తున్నట్టు చప్పుడు. ఆ చప్పుడు చేసినప్పుడల్లా నేను వెనక నుంచి ఆయన అంగీ గట్టిగా పట్టుకునేదాన్ని. దారిలో మిలిటరీ వాళ్లు ఆపి, నా చీరల మూట విప్పించి చూసి పంపారు. పొద్దు పైకి వస్తూ ఉంది.

కోదాడ దుకాణంలో రెండు పీపాలు ఉన్నాయి. ఒకటి మామూలు పెట్రోలు. రెండోదాని మూత తీసి దుకాణదారు గొప్పగా చూపించాడు. ఆకుపచ్చ రంగు.

"గాలిమోటరు నూనె ఇది. లడాయి అయిపోయినంక మిగిలిన మాల్. ఆసుమాన్‌ల ఎగిరేదానికి పోసేది, నీ ఫట్‌ఫటికి పోస్తే సూస్కో ఇగ!"

మా ఆయన కళ్లు మెరిశాయి. విమానాన్ని మేమందరం గాలిమోటరనే అనేవాళ్లం. దాన్ని పైకెత్తే నూనె కాబట్టి నేలమీది బండిని ఉరికించకుండా ఉంటుందా అనుకున్నాం.

పక్కనే లారీకి నీళ్లు పోసుకుంటున్న బెజవాడ డ్రైవరు ఒకాయన చూసి ఆగలేకపోయాడు.

"ఏవండీ, ఈ పాత బండికి అదెందుకండీ? దీని ఇంజను అంత గట్టిగా అదిమి మండించేది కాదు. మామూలుది పోయించుకోండి బాబూ, హాయిగా పోద్ది. అందులో ఏదో సీసం కలుపుతారంట, ప్లగ్గు పాడైపోద్ది."

"మీకు మంచిది దొరికితే మీరు పోసుకోరా? మా కాడికొచ్చేసరికి మామూలుదే సాలునా?" అన్నాడు మా ఆయన.

"నాకేంటండీ, మీ బండి, మీ ఇష్టం," అని ఆయన నవ్వేసి బకెట్టు ఎత్తుకున్నాడు.

నేను మధ్యలో, "ఏదో ఒకటి పొయ్యించయ్యా, జల్ది పోదాం," అన్నాను. నాకు రెండు నూనెల తేడా ఏం తెలుసు? నా కంటి ముందు బస్సు ఒక్కటే ఉంది.

గాలిమోటరు నూనే పోయించాడు.

హుజూర్‌నగర్ దాకా నిజంగానే బాగా ఉరికింది. గోలీల చప్పుడు పోయింది. "సూసినవానే?" అని ఆయన వెనక్కి తిరిగి అరిచాడు. నేరేడుచర్ల దాటాక ఒకసారి దగ్గింది. మళ్లీ దగ్గింది. ఆగింది.

ప్లగ్గు విప్పితే దాని మూతి నిండా బూడిదరంగు పూసలు, ఆవాల కన్న చిన్నవి, అంటుకుని ఉన్నాయి. నా కొప్పులోంచి పిన్ను తీసి ఇచ్చాను. గీకాడు. బయలుదేరాం. కొంత దూరం పోయి మళ్లీ ఆగింది. మళ్లీ పిన్ను. నా కొప్పు విడిపోయి జుట్టంతా మొఖం మీద పడింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆయన గీకుతుంటే నేను కూర్చోలేక రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను.

"జర ఒక్క దగ్గర నిలబడవే! నువ్వు తిరిగితే నాకు పానా జారుతుంది."

"నువ్వు ఎగిరే నూనె పోయిస్తివి గద, ఎగురు మరి!" అన్నాను.

ఆయన పానా పక్కన పెట్టాడు. దూరంగా ఒక బావి మీద ఇంజను ఆడుతున్న చప్పుడు వింటున్నాడు. ఆ ఇంజన్లు గ్యాస్‌నూనెతోనే నడుస్తాయి గానీ మొదట లేవడానికి కాస్త పెట్రోలు కావాలి. ఎక్కడ ఇంజను ఉంటే అక్కడ మామూలు పెట్రోలు ఉంటుందన్నమాట. టాంకీలోని నూనె డబ్బాలోకి వంపుకుని పొలాలకు అడ్డంపడి ఉరికాడు. బావి రైతు ఇద్దరు మనుషులు నవ్వేంత నవ్వు ఒక్కడే నవ్వాడట.

"గాలిమోటరు నూనెనా? తే, తే! నా ఇంజను బాయిల నుంచి లేసి బయటికొస్తదేమో సూద్దాం!"

ఆకుపచ్చ నూనె తీసుకుని తన మామూలు పెట్రోలు ఇచ్చాడు. ఖాళీ టాంకీలో అది పోసుకున్నాం. ఫట్‌ఫటి ఒళ్లు దులుపుకున్నట్టు లేచింది. కానీ ప్లగ్గు మాత్రం దెబ్బతినే ఉంది. నెమ్మదిస్తే ఆగిపోతుందేమోనని మా ఆయన ఎక్కడా నెమ్మదించలేదు.

మిర్యాలగూడలో బస్సు పైన మూటలు కట్టేశారు. ఇంజను ఆడుతోంది. కిటికీలో నా చెల్లె.

"ఇప్పుడానే అక్కా వచ్చేది? నీ మొఖమేందే, కుండ మసి పూసుకొచ్చినవ్?" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

దాని చెయ్యి పట్టుకున్నాను. దారి పొడుగునా ఎన్నో మాటలు కూడబెట్టుకున్నాను. "గాడ జొన్నరొట్టె తింటరంట గదనే, నీకు అరగదు," అన్నాను.

"తింటలే. నువ్వు పరేషాన్ కాకు."

"ఎక్కడుంటరే? జాగా ఏంది?"

మా మరిది బస్సు మెట్ల మీద నిలబడి అరిచాడు. "మిల్లు ఎనక, మేస్త్రీ ఇంట్ల, వదినా! ...వార్ పేట్..." పక్కనే మా ఫట్‌ఫటి మోగుతోంది. ఆపితే మళ్లీ లేవదన్న భయంతో మా ఆయన దాన్ని ఆపలేదు. బస్సు చప్పుడు, ఫట్‌ఫటి చప్పుడు కలిసి ఆ మాట సగం మింగేశాయి. "మళ్లోసారి చెప్పు!" అని అరిచేలోగా బస్సు కదిలింది. నా చేతిలోంచి దాని వేళ్లు జారిపోయాయి.

దుమ్ము అణిగాక మా ఆయన ఫట్‌ఫటి ఆపాడు. ఇద్దరం అక్కడే నిలబడ్డాం. సోలాపురంలో పేటలకు వారాల పేర్లుంటాయని మా మగ్గం వాళ్లందరికీ తెలుసు.

"శుక్రవార్ పేట్ అన్నడు," అన్నాను.

"బుధవార్ పేట్ అన్నడు," అన్నాడు.

"శుక్రారమే. నేను ఇన్న."

"మీ మరిది మొఖం నా దిక్కుండె. బుధారమే."

చెల్లె ఖాళీ చేసిన ఇంటి అరుగు మీదే ఆ రాత్రి ఉన్నాం. తిన్నంతసేపూ అదే మాట. పడుకున్నాకా అదే మాట. ఒకసారి ఆయన శుక్రవారమేనేమో అన్నాడు. అప్పటికి నాకు బుధవారమేనేమో అనిపించడం మొదలైంది. ఫట్‌ఫటి ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే ఇంత బాధ లేదు. అది నోరు మూయలేకపోవడానికి కారణం కోదాడలో పోయించిన ఆ ఆకుపచ్చ నూనె. ఆయనకు ఆ సంగతి తెలుసు.

మర్నాడు పొద్దున పక్కింటామెను అడిగి చిటికెడు పసుపు కొంగున కట్టుకుని, టప్పా కచేరి, అదే పోస్టాఫీసు, తలుపులు తీయకముందే పోయి నిలబడ్డాను. గుమాస్తా రాగానే రెండు కార్డులు తీసుకుని, ఒకదాని మీద బుధవార్ పేట్, ఇంకోదాని మీద శుక్రవార్ పేట్ అని రాయించాను. మిల్లు వెనక, మేస్త్రీ ఇల్లు, నా చెల్లె పేరు. రెండింటి మీదా మాట ఒకటే, మేము మంచిగున్నాం, మీ జాగా తెలుపుతూ జవాబు రాయించండి అని.

"ఒక్క మనిషికే రెండు కార్డులేందమ్మా?" అన్నాడాయన.

"ఏడుందో తెలియదు, సారూ."

పసుపు తడిపి, బొటనవేలు ముంచి, రెండింటి మూలలా అద్దాను. చదవడం రాకపోయినా అది పసుపును గుర్తుపడుతుంది, మంచి కబురేనని తెలుస్తుంది. రెండూ డబ్బాలో వేసి, పసుపు వేలు తుడుచుకోకుండానే వచ్చి ఫట్‌ఫటి వెనక ఎక్కాను.