సిరిసిల్లకు ఉత్తగనే

ఈ రోజు పొద్దున కోరుట్లలో పని ముగించుకుని, జగిత్యాలకు తిరిగొస్తూ బస్సులో పుస్తకం తీశాను. ఒకాయన కారులో అమెరికా అంతా తిరిగి రాసిన పుస్తకం. ఇలాంటివి స్కూల్ రోజుల నుంచీ చదువుతున్నాను. నేను మాత్రం పని లేకుండా ఎక్కడికీ పోలేదు. ఇంట్లో అడిగే ధైర్యం లేదు.

పక్క సీట్లో మా వీధిలో బీడీలు చేసే లచ్చవ్వ కూర్చుంది. నాలో నేనే నవ్వుకోవడం చూసి, అందులో ఏముందని అడిగింది. చెప్పాను.

"నెల రోజులు తిరిగిండా? పెండ్లికా, సావుకా?"

"రెండూ కాదవ్వా, ఏ పనీ లేకుండ, ఉత్తగనే."

"ఉత్తగనే!" అని పడీ పడీ నవ్వింది. "ఆడోళ్లకు ఫ్రీ బస్సు అచ్చినంక సుత నేను దవాఖానకు, సావులకే పోయిన బిడ్డా."

జగిత్యాల బస్టాండులో దిగేసరికి సిరిసిల్ల బస్సు కదలబోతోంది. ఆమె నా చేయి పట్టుకుని ఎక్కించేసింది.

వేములవాడలో గుడి దగ్గరికి రాగానే, "దిగి దండం పెట్టుకుందామా?" అన్నాను.

"వద్దు. దిగితే పని మీద అచ్చినట్టయితది. రాజన్నకు ఈడికెల్లే మొక్కు."

ఇద్దరం కిటికీలోంచే మొక్కాం. సిరిసిల్లలో మిర్చి బజ్జీలు తిని, చాయ్ తాగి, తిరుగు బస్సెక్కాం. అప్పుడే అమ్మ ఫోన్ చేసింది. భయపడుతూనే నిజం చెప్పాను.

"సిరిసిల్లల మనోళ్లెవరున్నరే?"

"ఎవ్వరు లేరమ్మా. ఉత్తగనే పోయిన."

"మరి నన్నెందుకు పిలువలే?" అంది.

ఈసారి అమ్మను కూడా ఉత్తగనే తీసుకెళ్లాలి. సిరిసిల్ల కాక ఆమెకు చుట్టాలు లేని ఊరు ఇంకేదైనా ఉంటే కింద కామెంట్లలో చెప్పండి. దొరకడం కష్టమే.