నాకు వినబడని కూత

గాజువాకలో మాది చిన్న కార్ల షెడ్డు. నేనూ, నా భార్య తమ్ముడూ కలిసి నడుపుతున్నాం. అంతకుముందు పన్నెండేళ్ళు పోర్టు దగ్గర ఓడల మరమ్మతుల్లో ఇనుప రేకులు గ్రైండింగ్ చేశాను. చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చేవారు. చెమటకి అది జారిపోయేది. ఎవరమూ పట్టించుకోలేదు. ఆ పని మానేసిన చాలా కాలానికి, వంటింట్లో కుక్కర్ కూత నాకు వినబడడం లేదని మా ఆవిడ కనిపెట్టింది. ఏదో ధ్యాసలో ఉన్నానని చెప్పి నవ్వేశాను. షెడ్డులో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పోయిన వానాకాలం కూర్మన్నపాలెం నుంచి ఒక టీచరమ్మ పాత కారు తీసుకొచ్చింది. ఒంటరి మనిషి. రోజూ ఆ కారులోనే బడికి వెళ్ళేది.

"మేస్త్రి గారూ, స్టీరింగు తిప్పితే చాలు, కీచుమని అరుస్తంది. బళ్ళో పిల్లలు చెవులు మూసుకుంటన్నారు" అంది.

బానెట్ ఎత్తి, ఇంజను స్టార్టు చేసి స్టీరింగు చివరిదాకా తిప్పమన్నాను.

"ఇదిగో, వినబడతందా?"

ఇంజను మోత తప్ప నాకేమీ వినబడలేదు. ఆమె వైపు చూశాను. మొహం చిట్లించి ఉంది. అంటే కూత వస్తోందన్నమాట.

"ఆఁ, ఇనబడతంది మేడమ్" అన్నాను.

ఆ రోజు మా బావమరిది పని మీద ఆనందపురం వెళ్ళాడు. సాయంత్రానికి వచ్చేస్తాడు. అంతదాకా ఆగమంటే ఆమె ఆగేది. నేను ఆగమనలేదు. ఇంజను నుంచి స్టీరింగు పంపుని తిప్పే బెల్టు చూస్తే అంచులు చిట్లి, లోపలి వైపు నున్నగా మెరుస్తోంది. తప్పు దొరికిందని ప్రాణం లేచొచ్చింది. కొత్త బెల్టు బిగించి, మళ్ళీ తిప్పమన్నాను.

"ఇప్పుడు లేదండీ" అని ఆమె నవ్వింది. నేనూ నవ్వాను.

స్టీరింగు పంపు నూనె మూత తీసి చూసినా అసలు సంగతి తెలిసేది. చూడలేదు. విన్నట్టు నటించిన వాడికి బండి ఎంత త్వరగా కదిలిపోతే అంత మంచిదనిపిస్తుంది.

తొమ్మిదో రోజు పొద్దున్న ఆమె ఫోన్ చేసింది. కూర్మన్నపాలెం జంక్షన్‌లో మలుపు తిరుగుతుంటే బెల్టు తెగిపోయిందట. స్టీరింగు బిగుసుకుపోయి, కారు డివైడర్‌కి గుద్దుకుందట. ఎడమ మణికట్టు విరిగింది. బావమరిది వెళ్ళి బండిని లాక్కొచ్చాడు. తెగిన బెల్టు ముక్కలు తీసేసి, పంపు చక్రాన్ని చేత్తో తిప్పబోయాడు. అది కదల్లేదు. మూత తీస్తే నూనె నల్లగా ఉంది. అందులో ఇనుప రజను మెరుస్తోంది.

"ఏటి బావా, పంపు అరిగి సచ్చిపోయింది. పాత బెల్టు అరిసింది కూడా దీని బరువు లాగలేకే. ఇంతలా పాడైన పంపు మూలుగుద్ది కదా, నీకు ఇనబడ్నేదా?"

నేను వంగి తెగిన బెల్టు ముక్కలు ఏరుతున్నాను. వాడు నా వెనక్కి వెళ్ళి, చేతిలో రెండు స్పానర్లు చిన్నగా తాటించాడట. నేను తిరగలేదు. ముందుకొచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి బావా?"

"నాకే సరిగ్గా తెల్దు" అన్నాను.

మర్నాడు ఆమె కట్టు కట్టిన చేత్తో ఆటో దిగింది. తను ఏదో ఒకటి సర్ది చెబుతానన్నాడు బావమరిది. వద్దని, నేనే ఎదురెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె కేకలు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు.

"ఆ రోజే చెప్తే ఇంకొకరికి చూపించుకునేదాన్ని కదండీ. రోజూ ఆ దారినే పిల్లలు నడిచొస్తారు. వాళ్ళ మీదకెళ్ళుంటే?" అంది.

ఆమె ఇంకో షెడ్డు వాళ్ళని పిలిపించి కారు తీసుకెళ్ళిపోయింది. నష్టం భరిస్తానన్నా ఒప్పుకోలేదు.

చెవుల డాక్టరు పరీక్ష చేసి, పోయింది తిరిగి రాదన్నాడు. మిషను పెట్టుకుంటే మాటలు తెలుస్తాయి గాని, ఇంజను పక్కన నిలబడితే అన్ని మోతలూ కలిసిపోయి బుర్ర పగిలిపోతుంది. ఇప్పుడు ఇంజను పనులన్నీ బావమరిదివే. నేను చక్రాలు విప్పుతాను, బిగిస్తాను. ఒక్కో బోల్టూ రెండేసి సార్లు పట్టి చూసుకుంటాను. అయినా బండి షెడ్డు దాటి రోడ్డెక్కుతుంటే మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి చూస్తాను.