బార్లీ తినే బూట్లు

మా తాత లజ్‌హర్ ఎవరినైనా ముందు కాళ్ల దగ్గర చూస్తాడు, ముఖం తర్వాత. సలాం కూడా బూట్లకే చెబుతాడని మా నాయనమ్మ వనాసా అంటుంది. పిల్లనడగడానికి వాళ్లింటికి వచ్చిన రోజున గుమ్మం బయట ఉన్న ఆవిడ చెప్పులు తిరగేసి చూశాడట. "చెప్పులు అరిగిన తీరు చూసి ఒప్పుకున్నాడు. నా మొహం పెళ్లయ్యాకే చూశాడు" అని ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. "అప్పటికే ఆలస్యమైపోయింది" అని తాత పక్కనుంచి గొణుగుతాడు.

మాది ఐన్ ద్రాహమ్ పట్నానికి పైన కొండ మీద, బిరడా చెట్ల అడవి అంచు. వేసవిలో మావాళ్లు సీసా బిరడాల కోసం ఆ చెట్ల బెరడు ఒలుస్తారు. చలికాలంలో అడవిపందుల్ని తోలుతారు. ఆ పందులు మా బార్లీ చేలను నాగలి కంటే లోతుగా దున్నిపోతాయి. వాటిని మేం తినం. తుపాకులూ మావి కావు. ట్యూనిస్ నుంచి, స్ఫాక్స్ నుంచి, సముద్రం అవతలి నుంచి వేటగాళ్లు వచ్చి తలా ఒకచోట కాపు కాస్తారు. మావాళ్లు వాగు దగ్గర మొదలుపెట్టి, వరసగా అరుచుకుంటూ, కుక్కల్ని ఉసిగొల్పుకుంటూ పందుల్ని వాళ్ల వైపు తోలుతారు.

ఆ వరసకు పెద్ద మా తాత. పెద్ద అంటే మెడలో కొమ్ముబూర వేసుకుని, అందరికంటే పై అంచున, కొండ కొసనున్న గద్దరాయి దాకా నడిచేవాడు. నడవలేని ఏడాది బూర తీసి తర్వాతివాడికి ఇవ్వాలి. ఆ తర్వాతివాడు తాత తమ్ముడి కొడుకు రమ్‌జీ అని ఊరందరికీ తెలుసు.

ఏ వేటగాడు ఎక్కడ కాపు కాయాలో కూడా తాతే చెబుతాడు. అందుకు తుపాకీ చూడడు, కారు చూడడు. వరసగా నిలబెట్టి బూట్లు చూస్తాడు. కొత్త బూట్లు కరకరలాడేవాళ్లకు రోడ్డు పక్క కాపు. కాలితో కలిసి మెత్తబడిన బూట్లకు, మడమ సమంగా అరిగిన బూట్లకు కొండ మీది కాపు. తాత అంచనా ఎప్పుడూ తప్పదని కాదు. ఒకసారి చిరిగిన గుడ్డ బూట్లతో వచ్చిన ఒకాయన్ని రోడ్డు పక్కన కూర్చోబెట్టాడు. ఆయన కుర్రతనంలో గొర్రెలు కాసినవాడట. సాయంత్రం తాత కంటే ముందే నడిచి ఊళ్లోకి వచ్చేశాడు. ఆ సంగతి ఎత్తితే తాతకు హఠాత్తుగా చెవుడు వస్తుంది.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. లెక్కలే నన్ను మానేశాయనడం న్యాయం. అప్పటి నుంచి వేట రోజుల్లో రోడ్డు పక్కన పొయ్యి పెట్టి టీ అమ్ముతాను. అందుకని నాకు దొరికే మనుషులంతా కరకరలాడే బూట్లవాళ్లే.

తాతకు మూడు జతలున్నాయి. అన్నీ వేటగాళ్లు చలికాలం చివర వదిలిపోయినవే. మోకాలి దాకా వచ్చే రబ్బరువి వాగు బురదకు. అవి నీళ్లను లోపలికి రానివ్వవు, చెమటను బయటికి పోనివ్వవు, తడి రాయి మీద సబ్బుముక్కలా జారతాయి. గుడ్డవి వానలకు ముందు, కౌజుపిట్టల కాలానికి. ఎండుటాకు మీద అడుగుపడినా పిట్టకు వినబడదు. తోలువి రాయికి, మంచుకి. చీలమండను గట్టిగా పట్టుకుంటాయి, అడుగున లోతైన గాడులుంటాయి. మా కొండ ఒక్క పూటలోనే బురద, రాయి, మంచు అన్నీ తొక్కిస్తుంది. "దేవుడు రెండు కాళ్లిచ్చి ఇన్ని రకాల నేలలిచ్చాడు" అని తాత నిట్టూరుస్తాడు.

తడిసిన తోలు బూటును కుంపటి దగ్గర పెడితే ఎండిన అంజూరంలా ముడుచుకుపోతుంది. అందుకని తాత బార్లీని పెనం మీద గోరువెచ్చగా వేయించి బూట్లలో పోస్తాడు. తెల్లారేసరికి గింజలు తడి పీల్చుకుంటాయి, బూటు ఆకారం చెడదు. ఆ గింజలు తర్వాత కోళ్లకు. "మనుషులకేమో నిన్నటి రొట్టె, బూట్లకేమో వేయించిన బార్లీ! మన గుడ్లకు నీ కాళ్ల వాసనొస్తోంది" అని నాయనమ్మ ప్రతి చలికాలం గొడవ పెడుతుంది.

రెండేళ్లుగా తాత ఎడమ మోకాలు మాట వినడం లేదు. మనిషి అలసిపోయాడు. కొండ దిగివచ్చిన రోజున చెంచా పట్టుకునే నిద్రపోతాడు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆయనకు చెప్పేవాళ్లే లేరు. రమ్‌జీ బాబాయ్ అయితే ఎక్కేటప్పుడు మాటిమాటికీ ఆగి, "కుక్కలు రొప్పుతున్నాయి, కాసేపు కూర్చుందాం" అంటాడు. కుక్కలు మాత్రం తోకాడిస్తూ నిలబడి ఉంటాయి.

ఈ ఏడు మొదటి వేటకు ముందురోజు సాయంత్రం వాన ఆగింది. గద్దరాయి మీద మంచు తెల్లగా కనబడుతోంది. తాత మూడు జతలూ ముందేసుకుని కూర్చున్నాడు.

"రబ్బరువి వేసుకో. వాగు నిండుగా ఉంది" అంది నాయనమ్మ.

"వాగు కాసేపే. గద్దరాయి పూటంతా. మంచు మీద ఆ రబ్బరుతో పంది కంటే ముందు నేనే కిందికొస్తా."

"అయితే ఇంట్లో కూర్చో. ఇంట్లో మంచు లేదుగా."

"ఇంట్లో నువ్వున్నావు."

తోలువే తీశాడు. ఉన్ని మేజోళ్లు రెండు జతలు ఒకదాని మీద ఒకటి తొడిగి వేసుకున్నాడు. కాలు పొద్దున ఒక కొలత, సాయంత్రానికి ఒక కొలత. బూటు సాయంత్రపు కాలికి సరిపోవాలంటాడు. తర్వాత గడపను తన్నాడు. కొండ దిగేటప్పుడు వేళ్లు ముందుకు తగిలితే గోళ్లు నల్లబడతాయి కాబట్టి అదో పరీక్ష. కుడికాలితో బాగానే తన్నాడు. ఎడమకాలితో తన్ని గోడ పట్టుకున్నాడు. నాయనమ్మ చూడలేదని రూఢి చేసుకుని నన్ను కోళ్లగూటి వెనక్కి పిలిచాడు.

"పిల్లా, నీ కత్తి పదునుగా ఉందా?"

ఆయన చేతిలో బిరడా బెరడు ముక్క ఉంది. వెచ్చగా ఉంటుందని మా ఊళ్లో అందరూ బూటు లోపల పలచటి బెరడు చెక్క వేసుకుంటారు. తాత మాత్రం ఎడమ బూటు లోపల బయటి అంచు వైపు మందంగా కావాలన్నాడు.

"ఇంత మందం ఎందుకు తాతా?"

"నేల అటువైపు పల్లంగా ఉంది."

"ఏ నేల?"

"అడవి నేల."

"అడవంతా నీ ఎడమ పక్కకే వాలిందా?"

"బడి మానేసింది నన్ను ప్రశ్నలు వేయడానికా? కొయ్యి."

కోశాను. తొడుక్కుని కోళ్ల ముందు అటూ ఇటూ నడిచాడు. కుంటు దాదాపు పోయింది.

"రమ్‌జీకి తెలుస్తుందంటావా?"

"రమ్‌జీ బాబాయ్ సంగతేమో గానీ, కోళ్లకు తెలిసిపోయింది. చూడు, నవ్వుతున్నాయి."

తాత నవ్వలేదు. కట్టెలు కొట్టే మొద్దు మీద కూలబడి మోకాలు రాసుకుంటూ, "ఈ ఒక్క చలికాలం" అన్నాడు. నిరుడూ అదే మాటన్నాడు. నాకు వెక్కిరించాలనిపించలేదు.

పొద్దున రోడ్డు దగ్గర వేటగాళ్లు దిగారు. నేను పొయ్యి రాజేస్తున్నాను. మొదట నిలబడ్డాయన స్ఫాక్స్ నుంచి వచ్చాడు. బూట్లు తళతళలాడుతున్నాయి.

"ఎప్పుడు కొన్నారు?" అన్నాడు తాత.

"నిన్ననే. చాలా ఖరీదైనవి హాజీ."

"మంచివే. ఇంకా మీవి కాలేదంతే. తొడుక్కుని నడిచారా?"

"ఇక్కడిదాకా వేసుకునే వచ్చాను."

"నడిచింది కారు గదా. రోడ్డు పక్కన కూర్చోండి. మా మనవరాలి టీ బాగుంటుంది."

వేటగాళ్లయ్యాక తోలేవాళ్లు నిలబడ్డారు. వాళ్లు వెనక్కి తిరిగి మడమలు చూపించాలి. మంగలి కొడుకు రబ్బరు బూటు చీలి ఉంది. తాత వాణ్ణి సామాను మోసే కంచరగాడిద వెంట పంపించాడు. చివర రమ్‌జీ బాబాయ్. బూట్లకు కొవ్వు పట్టించి, కొత్త తాళ్లు కట్టాడు. మడమ రెండువైపులా సమంగా అరిగింది. తాత దాన్ని చాలాసేపు చూశాడు.

ముందుకు తిరిగిన రమ్‌జీ బాబాయ్ చూపు తాత ఎడమ మడమ మీద పడింది. బయటి అంచు అరిగి తోలు దాకా వచ్చేసింది. లోపల వేసిన బెరడు మనిషిని నిటారుగా నిలబెట్టింది గానీ, రెండేళ్ల అరుగుదలను ఏం చేయగలదు? బాబాయ్ గబుక్కున ఆకాశం వైపు చూశాడు.

"మబ్బు పడుతోంది పెద్దనాన్నా. ఈసారి గద్దరాయి దాకా ఎందుకులే, మధ్యలోంచి తిరుగుదాం."

మధ్యలోంచి తిరిగితే పందులన్నీ పైనుంచి తప్పించుకుపోతాయి. ఆ సంగతి కుక్కలకు కూడా తెలుసు. అయినా అందరూ ఆకాశం వైపే చూశారు. మబ్బు లేదు.

ఆకాశం చూస్తున్న వాళ్లందరినీ తాత ఒకసారి చూశాడు. తర్వాత ఎడమకాలు రాయి మీద పెట్టి వంగి, వేరెవరిదో అన్నట్టు మడమ చూశాడు.

"ఈ బూటు ఎవరిది?"

అందరూ ఇంకా మబ్బు కోసం వెతుకుతూనే ఉన్నారు.

"రమ్‌జీ, నిన్నే."

"నీదే పెద్దనాన్నా."

"వేరేవాడిదైతే ఎక్కడికి పంపుతావు?"

"నేను చెప్పను."

"చెప్పలేనివాడివి బూరేం ఊదుతావురా?"

బాబాయ్ తల దించుకుని, "రోడ్డు పక్కకి" అన్నాడు.

"గట్టిగా చెప్పు. అందరికీ వినబడాలి."

"రోడ్డు పక్కకి!"

"హమ్మయ్య" అన్నాడు తాత. టీ కెటిలుతో పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. బూర తీసి బాబాయ్ మెడలో వేస్తూ, "ఉత్తరం వైపు మంచు గట్టిపడి ఉంటుంది. అడుగంతా ఆనించు, వేళ్ల మీద ఎక్కకు" అని చెప్పాడు. చెబుతున్నంతసేపూ బూరను వదల్లేదు. బాబాయ్ కూడా లాక్కోలేదు.

వరస అడవిలోకి వెళ్లిపోయాక తాత వచ్చి స్ఫాక్స్ ఆయన పక్కన కూర్చున్నాడు. ఆయన అప్పటికే బూట్లు విప్పి బొబ్బలు ఊదుకుంటున్నాడు. నేను తాత బూట్లు లాగాను. బెరడు ముక్క జారిపడింది. తాత దాన్ని తీసి, ఎప్పుడూ ఊగే నా బల్ల కాలు కింద దూర్చాడు.

పైనుంచి బూర వినబడింది. సగంలో తెగిపోయింది.

"ఊదడం రాదు గాడిదకి" అన్నాడు తాత. ఇంకాస్త చెవి ఒగ్గి, "గద్దరాయి దాకా మాత్రం ఎక్కాడు" అన్నాడు.

రెండోసారి బూర మోగేసరికి ఆయన గడ్డం గుండె మీద వాలిపోయింది. చేతిలో టీ గ్లాసు ఒరుగుతుంటే తీసుకున్నాను. "లేపనా?" అని స్ఫాక్స్ ఆయన గుసగుసగా అడిగాడు. వద్దన్నాను.

ఇంటికొచ్చాక నాయనమ్మ బూట్ల లోపల చెయ్యిపెట్టి చూసింది. పొడిగా ఉన్నాయి. తాత మెడ వైపు చూసింది. బూర లేదు. ఆవిడ లేచి పెనం పెట్టి బార్లీ వేయించసాగింది.

"తడవలేదు కదే, ఇంకా బార్లీ ఎందుకు?" అన్నాడు తాత.

"కోళ్లకు అలవాటైపోయింది. నీ బూటులోవి కాకపోతే ముట్టవు" అంది నాయనమ్మ.